అడిగితేనే చెప్పండి

కాగితాలకి కొట్టిన పిన్ను పీకడంలో కూడా పనితనం ఉంది. తొందరపడి లాగితే మూల చిరుగుతుంది. చిరిగిన మూల స్కానరులో ఇరుక్కుంటుంది. ఇరుక్కుందంటే ఆ పూటకి పని గోవిందా. అందుకని ఆమె ముందు బొత్తిని తిరగేసి, పిన్ను కాళ్ళు రెండూ గోటితో లేపి, మళ్ళీ బొత్తిని తిప్పి మెల్లగా పైకి లాగుతుంది. పీకిన పిన్నులు వేయడానికి బల్ల మీద చెవి విరిగిన టీ కప్పు ఉంది. ఒకప్పుడు నల్ల గౌను వేసుకుని సాక్షుల చేత నిజం కక్కించిన మనిషి, ఇప్పుడు ఆ కప్పు నిండగానే చెత్తబుట్టలో వంచుతోంది. ఓడలు బళ్ళవుతాయంటారు కానీ, అయిన బండి మనసులో ఏముంటుందో ఎవరూ చెప్పరు.

అది లాయర్ల ఆఫీసు. ఆమెది వెనక వైపు, కిటికీ లేని గది. అక్కడ ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "స్కానింగ్‌కి ఇవ్వండి" అంటారు, "స్కానింగ్ ఇవాళ వచ్చిందా?" అంటారు. ఆమె కూడా ఊరుకోలేదు. ఆఫీసు యజమాని మేనల్లుడైన కుర్ర లాయరుకి మనసులో చినబాబు అని పేరు పెట్టుకుంది. దాంతో చెల్లుకు చెల్లు.

శుక్రవారం మధ్యాహ్నం, ముందు కౌంటర్లో కూర్చునే అమ్మాయి భోజనానికి వెళ్తూ ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోనొస్తే రాసుకోవాలి, మనిషొస్తే కూర్చోమనాలి, అంతకుమించి ఏమీ లేదు. వచ్చిన మనిషి ఒక నడివయసు ఆవిడ. హోటల్లో గదులు శుభ్రం చేసే యూనిఫాం మీదే వచ్చింది. పాత హోటల్లో పనిలోంచి తీసేస్తే చినబాబు చేత కేసు వేయించింది, కేసు పోయింది. సంచిలోంచి తీర్పు కాపీ తీసి కౌంటరు మీద పెట్టి, చేత్తో మడతలు సాపు చేసింది.

"అప్పీలు ఎప్పటిలోగా వెయ్యాలమ్మా? లాయరు గారు ఫోనెత్తట్లేదు. కాగితం మన చేతికందిన రోజు నుంచి లెక్కంట కదా? మా పక్కింటావిడ చెప్పింది. అలాగైతే ఇంకా వారం ఉంది."

ఆమె కాగితాన్ని తలకిందులుగానే చదివింది. ఆ విద్య ఏ దేశం వెళ్ళినా పోదు. లెక్క కాగితం అందిన రోజు నుంచి కాదు, తీర్పు చెప్పిన రోజు నుంచి. ఆ సెక్షను మొన్ననే, ఇక్కడి లాయరు పరీక్షకి చదువుతున్న మొగుడికి రెండుసార్లు చదివి వినిపించింది. ఆ లెక్కన గడువు ఇవాళే ఆఖరు. కోర్టు కౌంటరు నాలుగింటికి మూసేస్తారు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉద్యోగంలో చేరిన రోజే ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు: లైసెన్సు లేనివాళ్ళు చట్టం గురించి సలహా చెప్పడం ఇక్కడ నేరం. బయటి దేశంలో లా చదివి వచ్చి, పరీక్ష రాయడానికి అర్హత సంపాదించుకున్నవాళ్ళు చెబితే ఇంకా పెద్ద నేరం. ఒక్క ఫిర్యాదు వెళ్తే ఆ అర్హత కూడా పోతుంది.

"మీ లాయరు గారినే అడగాలండీ," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు ఒళ్ళు మండింది. "ఇవాళే అడగండి. ఆయన్ని కలవకుండా మాత్రం వెళ్ళకండి."

చినబాబుకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. 'అర్జెంటు' అని మెసేజీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. లోపలున్న ఇంకో లాయరు దగ్గరికి వెళ్తే ఆయన తల ఎత్తకుండానే "అది నా ఫైలు కాదు" అన్నాడు. చినబాబు నాలుగు దాటాక, పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. అద్దాల తలుపు వెనక ఆవిడ ముఖం మారడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. కాసేపటికి అతను తలుపు తెరిచి, "ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ పెడదాంలెండి, అంతా కోర్టు దయ," అని ఆవిడని స్కానింగ్ గదిలోకి పంపించాడు.

ఆవిడ కాగితాలు అందిస్తూ ఆమె ముఖంలోకి చూసింది.

"నేనడిగినప్పుడే మీకు తెలుసు కదమ్మా?"

ఆమె బొత్తిని తిరగేసి పిన్ను కాళ్ళు లేపడం మొదలుపెట్టింది. లాగేటప్పుడు మూల చిరిగింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచి కూర్చుని ఉన్నాడు. పార్సిళ్ళ గోడౌనులో పొద్దుటి నుంచి పెట్టెలు ఎత్తి వచ్చినవాడు, నడుము వెనక దిండు పెట్టుకున్నాడు. వీపు వంగినా గొంతు మాత్రం వంగలేదు. ఆ గొంతు విని జడ్జీలు కళ్ళజోడు సర్దుకునేవాళ్ళు. ఇప్పుడు దాన్ని వినేది అమ్మా, పెళ్ళామూ, వంటింటి గోడలూ.

ఇద్దరి చదువునీ ప్రాక్టీసునీ తూచి ఇక్కడివాళ్ళు ఇచ్చిన అర్హత ఐదేళ్ళే. ఈ విడత పరీక్షతో ఆ ఐదేళ్ళూ సరి. ఆయన ఇప్పటికి రెండుసార్లు రాశాడు. రాతపరీక్షలో రెండుసార్లూ గట్టెక్కి, క్లయింటుతో మాట్లాడే పరీక్షలో రెండుసార్లూ తప్పాడు. ఆమె ఒక్కసారి కూడా రాయలేదు. రాయాలంటే మూడు నెలలు పని మానుకుని కూర్చోవాలి. ఇద్దరూ మానుకుంటే ఇల్లు గడవదు. ఈసారి కూడా కూర్చునేది ఆయనే అని ఎవరూ నిర్ణయించలేదు. అలా అనుకోవడం జరిగిపోయిందంతే. పరీక్షకి పేరు ఇవ్వడానికి సోమవారం ఆఖరు రోజు.

"సాయంత్రం షిఫ్టు కూడా నీకిమ్మని ఆఫీసులో అడిగావా?" అన్నాడు, ఆమె చెప్పులు విప్పుతుండగానే.

"ఇవాళ కుదర్లేదు."

"సోమవారం మర్చిపోకు. నేను సెలవు పెట్టే లోపు అది ఖాయమవ్వాలి. ఇద్దర్లో ఒకళ్ళం పాసైతే ఇద్దరం పాసైనట్టే. మన ఆఫీసు మనం పెట్టుకున్నాక ఇంక నీకు లైసెన్సుతో పనేముంది చెప్పు?"

సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న అత్తయ్య అటు తిరక్కుండానే అంది, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు పాసవ్వరా పెద్దోడా."

కూర వేడి చేసి, ముగ్గురూ తిన్నాక సాధన మొదలైంది. పరీక్షలో గదిలోకి ఒక క్లయింటు వస్తుంది, వెంట ఇంకొకళ్ళు వస్తారు. ఇద్దరూ నటులే. పన్నెండు నిమిషాల్లో ఆ క్లయింటు గోడు విని, ఆమెకు ఏం కావాలో తెలుసుకోవాలి. చెప్పడానికి ఇంతే. ఇంట్లో క్లయింటు వేషం ఆమెది, వెంట వచ్చే అన్నయ్య వేషం అత్తయ్యది. కోచింగ్ టీచరు ఇచ్చిన కార్డు ఆమె ఒళ్ళో ఉంది. అది క్లయింటు మాత్రమే చూడాలి. అన్నాచెల్లెళ్ళిద్దరి పేరునా ఒక కొట్టు ఉంది. అన్నయ్య అమ్మేద్దామంటున్నాడు. కార్డు అడుగున ఇలా రాసి ఉంది: 'అన్నయ్య పక్కన ఉన్నంతసేపూ ఆయన మాటకు తల ఊపండి. మీకు కొట్టు అమ్మడం ఇష్టం లేదు. మీరే నడుపుకోవాలని ఉంది. ఇది అడిగితేనే చెప్పండి.'

"నమస్కారమండీ, రండి, కూర్చోండి," అన్నాడు ఆయన. అన్నది తల్లితో.

"కూర్చునే ఉన్నాను కదరా."

"అమ్మా, నువ్వు అన్నయ్యవి."

"సరే బాబూ. మా ఇద్దరి పేరునా ఒక కొట్టుందండీ. అమ్మేద్దామని వచ్చాం. నా బంగారు చెల్లెలు నా మాట జవదాటదు."

ఇంక ఆయనకి అడ్డు లేకపోయింది. అమ్మకమైతే ఎలా, పంపకమైతే ఎలా, పన్ను ఎవరి మీద పడుతుంది, కొనేవాడు మోసం చేస్తే ఏ కోర్టుకి వెళ్ళాలి, అన్నీ చెప్పాడు. చూపుడు వేలు, బొటనవేలు కలిపి గాల్లో ముడి వేసి విప్పుతూ చెప్పాడు. వినడానికి ఎంతో బాగుంది. తల్లి నోరు తెరుచుకుని వింది. క్లయింటు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కార్డులో చెప్పినట్టు తల ఊపుతూ కూర్చుంది. మధ్యలో ఒక్కసారి ఆయన ఆమె వైపు తిరిగి "మీకు అర్థమవుతోంది కదండీ?" అన్నాడు. ఆయన ఆమెను మీరు అనేది ఈ సాధనలోనే. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రతి రాత్రీ కాస్త ఎదురుచూస్తుంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకే సిగ్గుగా ఉంటుంది.

"ఎలా ఉంది?" అన్నాడు టైము అయ్యాక.

"అన్నయ్యని బయటికి పంపలేదు."

"అమ్మని ఎలా పొమ్మంటానే?"

"అమ్మని కాదండీ, అన్నయ్యని."

"నేనెందుకెళ్తాను?" అంది అత్తయ్య. "సీరియలు మధ్యలో ఆపుకుని వస్తే నన్ను గెంటేస్తారా?"

ఆయన నవ్వేశాడు. ఆమెకు నవ్వు రాలేదు. హోటలు ఆవిడ చూపు ఇంకా ఎదురుగానే ఉంది. ఆఫీసులో అడిగినా చెప్పకూడదు, ఇంట్లో అడిగితేనే చెప్పాలి, ఇక్కడేమో అడిగే దిక్కు లేదు.

శనివారం లైబ్రరీ మేడ మీద గదిలో కోచింగ్ క్లాసు. ఆమెలాగే, ఆయనలాగే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన లాయర్లు అరడజను మంది ఉంటారు. అందరికీ పాత కోటు ఒకటి ఉంటుంది, శనివారం అది తొడుక్కుని వస్తారు. ఒకప్పుడు నిజంగానే జడ్జీగా పనిచేసి ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్న పెద్దాయన కూడా వస్తాడు. అందరూ ఆయన్ని జడ్జి గారనే పిలుస్తారు. టీచరు ఈ పరీక్షలు దిద్ది దిద్ది రిటైరైన మనిషి. ఆ రోజు క్లయింటుగా నటించే అమ్మాయి రాలేదు.

"మీ ఆవిడ ఉన్నారుగా," అంది టీచరు. "ఆవిడే క్లయింటు. జడ్జి గారూ, మీరు అన్నయ్య."

ఆమె మొగుడు కోటు గుండీ పెట్టుకుని బల్ల వెనక కూర్చున్నాడు. ఆమె, జడ్జి గారూ ఎదురుగా కూర్చున్నారు. ఆయన ఆమెకి ఒక నమస్కారం పెట్టి, జడ్జి గారికేసి తిరిగాడు. ఇంక ఆ తల ఇటు తిరగలేదు. సగం టైము కాకుండానే టీచరు చేయెత్తి ఆపేసింది.

"క్లయింటు గొంతు ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలీదు. ఆవిడకి ఏం కావాలో చెప్పండి."

"అమ్మకంలో న్యాయమైన వాటా."

"ఎవరు చెప్పారు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "చూడండి మేడం, నేను పద్దెనిమిదేళ్ళు ప్రాక్టీసు చేశాను. మా దగ్గర కేసు క్లయింటుదే అయినా మాట వెంట వచ్చినవాళ్ళది. తండ్రో, అన్నో, మొగుడో, విషయం తెలిసినవాళ్ళే మాట్లాడతారు. క్లయింటు సంతకం పెడుతుంది. అలాగే వందల కేసులు గెలిచాను."

"గెలిచారు. కానీ ఎవరికోసం?" అంది టీచరు.

జడ్జి గారు గొంతు సవరించుకున్నాడు. "మా కోర్టులో మొగుడు పక్కనుంటే పెళ్ళాం నోరు విప్పేది కాదు. మొగుణ్ణి బయట నిలబెట్టి అడిగేవాణ్ణి. అందుకు లాయర్లంతా నా మీద పై కోర్టుకి ఫిర్యాదు రాశారు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మొగుడు మాత్రం నవ్వలేదు.

"ఇంకోటి," అంది టీచరు. "వచ్చినవాళ్ళ కేసులో మీ లాభం కూడా ఏమైనా ముడిపడి ఉందా అని చూసుకోవాలి. ఉంటే ఆ కేసు మీరు తీసుకోకూడదు. వేరే లాయర్ని చూసుకోమని చెప్పాలి. అది కూడా ప్రతిసారీ వదిలేస్తున్నారు. వెంట వచ్చినవాళ్ళని బయటికి పంపండి. ఏం కావాలని అడగండి. అడిగాక నోరు మూసుకోండి, అదే కష్టం. ఈ కార్డు మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళండి. ఇలాగే చేస్తే మూడోసారీ ఇంతే."

దారి పొడుగునా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, ఆ గొణుగుడంతా ఆమె మీదే పడింది.

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు నోరు మూసుకోమంటుందా? ఆ బస్సు జడ్జి ఒకడు మధ్యలో. నువ్వన్నా ఒక మాట అందించొచ్చుగా? ఒక దగ్గు దగ్గినా నాకు తెలిసేది."

"అడిగితేనే చెప్పాలని ఉందండీ కార్డులో."

"నీకూ రూల్సే! మొగుడు మునిగిపోతుంటే రూల్సు చూస్తూ కూర్చున్నావు."

ఎవరు మునిగిపోతున్నారో అడుగుదామనుకుంది. వీధి మలుపులో ఎదురుగాలి కొట్టింది. ఆయన పాత కోటు చేతులు పొట్టివైపోయి, పెట్టెలు మోసి గీరుకుపోయిన మణికట్లు బయటికి కనిపిస్తున్నాయి. అది చూసి ఊరుకుంది. అలా ఊరుకోవడం మీదే ఆమెకు ఇప్పుడు అసహ్యం పుట్టింది. జాలి పడ్డ ప్రతిసారీ ఒక ఏడాది పోయింది.

ఆదివారం భోజనాలయ్యాక ఆయన తనంతట తానే బల్ల మీద పళ్ళాలు తీసి, తుడిచి, కుర్చీలు ఎదురెదురుగా వేశాడు. పరీక్షకి పేరు ఇవ్వడానికి లాప్‌టాప్ తెరిచి పక్కన పెట్టుకున్నాడు. తన వివరాలన్నీ నింపడం అయిపోయింది, చివరి బటను నొక్కడమే మిగిలింది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి.

"సరిగ్గా చేద్దాం ఇవాళ," అన్నాడు. "అమ్మా, నువ్వు కూడా రా."

ముగ్గురూ కూర్చున్నారు. ఆయన ఆమెకేసి తిరిగి నమస్కారం పెట్టాడు. తర్వాత తల్లి వైపు చూసి, "మీరు కాసేపు బయట కూర్చోవాలండీ. క్లయింటుతో విడిగా మాట్లాడాలి," అన్నాడు.

"నిజంగానా?"

"నిజంగానే. తలుపు వేసుకో."

"కన్నకొడుకు గెంటేశాడని ఎవరికి చెప్పుకోను," అంటూ అత్తయ్య శాలువా కప్పుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

ఆయన కాగితం తీసి, పెన్ను మూత విప్పాడు. టీచరు నేర్పిన మాటలు అప్పజెప్పినట్టు చెప్పాడు. "మీరు ఇక్కడ చెప్పింది ఈ గది దాటి వెళ్ళదు. మీకు తోచినట్టు చెప్పండి, నేను మధ్యలో అడ్డం రాను. మీకు ఏం కావాలండీ?"

అడిగి నోరు మూసుకున్నాడు. మూసుకోవడం ఎంత కష్టంగా ఉందో ఆమెకు కనిపించింది. కింది పెదవిని పళ్ళ కింద పట్టుకున్నాడు. గాల్లో ముడి వేసే వేళ్ళని బల్ల కింద దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం ఇదే మొదలు. అది నటనే అని ఇద్దరికీ తెలుసు. అయినా అడిగిన మాట అడిగినట్టే కదా.

ఆమె కార్డు చూసింది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"రేపటిలోగా పరీక్షకి నా పేరు ఇవ్వాలి."

"అదేంటి, కొట్టు..." అనబోయి ఆగిపోయాడు. అడ్డం రానని అప్పుడే చెప్పి ఉన్నాడు.

"కొట్టు సంగతి కాదండీ. అర్హత నాది కూడా ఈసారితో పోతుంది. మొన్న ఆఫీసుకి ఒకావిడ వచ్చి అప్పీలు గడువు అడిగింది. నాకు తెలుసు. ఆ రోజే ఆఖరు. చెప్పడానికి నాకు హక్కు లేదు. ఆవిడ అడుగుతూనే ఉంది, నేను గుటకలు మింగుతూ కూర్చున్నాను. ఆవిడ కేసు నా కళ్ళముందే పోయింది. 'మీకు తెలుసు కదమ్మా' అంది నన్ను." ఆమె కార్డుని పక్కకి నెట్టింది. "ఇద్దర్లో ఒకరు పాసైతే ఇద్దరూ పాసైనట్టు కాదు. మీరు పాసైతే మీరు లాయరు, నేను మీ ఆఫీసులో స్కానింగ్. నాకది వద్దు. ఈ మూడు నెలలూ నేను కూర్చుంటాను. మీరు గోడౌను మానకండి. నాకు కావలసింది ఇదీ."

ఆయన పెన్ను కదుల్తోంది. అలవాటు ప్రకారం రాసుకుంటూ పోతున్నాడు. రెండు మూడు వాక్యాలయ్యాక పెన్ను ఆగింది. విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోవాలి, అది కూడా పరీక్షలో ఉంది.

"క్లయింటు ఈసారి పరీక్ష రాయాలనుకుంటోంది," అన్నాడు కాగితంలోకి చూస్తూ. "గడువు రేపే. ఆమె భర్త..." అక్కడ ఆగాడు. "ఈ సంగతి మీరు మీ భర్తకి ఎప్పుడైనా చెప్పారా?"

"ఆయన ఎప్పుడూ అడగలేదండీ. నేనూ చెప్పలేదు. అది నా తప్పే."

బాల్కనీలో అత్తయ్య దగ్గింది. ఆయన కాగితం మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు. వాదించడానికి ఆయన దగ్గర మాటలు లేక కాదు. రెండుసార్లు రాసిన అనుభవం ఉంది, కోల్పోయిన ఏళ్ళున్నాయి, నొప్పెడుతున్న నడుముంది. అవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ ముఖం మీదికి రావడం ఆమె చూసింది. సాక్షి బోనులో ఉన్నవాళ్ళని అలా చూడడం ఆమె మర్చిపోలేదు. ఎదురుతిరుగుతాడనే అనుకుంది.

"ఈ కేసు నేను తీసుకోకూడదండీ," అన్నాడు చివరికి. ఆ గొంతు కోర్టు గొంతు కాదు, అరిగిపోయి ఉంది. "ఇందులో నా లాభం కూడా ముడిపడి ఉంది. నేనేం చెప్పినా అది నా కోసమే చెబుతాను. మీరు వేరే లాయర్ని చూసుకోండి."

"అక్కర్లేదు," అంది. "నేనూ లాయర్నే."

చెయ్యి చాపి లాప్‌టాప్ తన వైపు లాక్కుంది. ఆయన ఆపలేదు, సాయమూ చేయలేదు. ఆయన నింపిన వివరాలు ఒక్కొక్క గడిలోంచి తుడిచేసి తన పేరు కొట్టడం మొదలుపెట్టింది. వేళ్ళు తడబడి రెండుసార్లు తప్పు పడింది. సరిచేసుకుంది. ఆయన ఆ తెర వైపు చూడలేక ఎదుటి గోడని చూస్తున్నాడు. పెన్ను మూత ఒకసారి పెట్టి, మళ్ళీ తీశాడు.

బాల్కనీ తలుపు మీద అత్తయ్య వేళ్ళతో కొట్టింది. "చలేస్తోందిరా! అయిందా మీ కోర్టు? లోపలికి రానా?"

"అప్పుడే రాకమ్మా," అన్నాడు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "క్లయింటు గారి పని ఇంకా అవలేదు."